పైకప్పు మీద నాలుగు ట్యాంకులు

నేను ఇరవై ఆరేళ్లు బహ్రెయిన్‌లో ఊరివాళ్ల పైకప్పులన్నీ ఎక్కి దిగాను. బిల్డింగ్ ఇన్సూరెన్స్‌లో సర్వేయర్‌ని. ఎక్కడ గోడ పగిలినా, సీలింగు ఊడిపడినా, వైరింగు కాలినా మా కంపెనీ నన్ను పంపేది. వెళ్లి చూసి, అది ఎందుకు జరిగిందో, పాలసీ కిందికి వస్తుందో రాదో రాసి ఇవ్వాలి. పోయిన ఏడాది రిటైరయ్యాను.

శుక్రవారం మా తెలుగు ప్రార్థన కూటానికి వచ్చే పిల్లల్లో ఇద్దరు ఈమధ్యే ఇన్సూరెన్స్ ఆఫీసుల్లో చేరారు. "ఆంటీ, పని ఎలా ఉంటుందో చెప్పండి" అని పట్టుకున్నారు. ఏ ఫారం ఎక్కడ నింపాలో వాళ్లకు ఆఫీసులో నేర్పుతారు. నేను రాసేది వాళ్లు నేర్పనిది. ఇందులో నా గొప్పలకంటే నా తప్పులే ఎక్కువ కనిపిస్తాయి. అవే నాకు పని నేర్పాయి మరి.

ఇల్లొకరిది, పాలసీ ఇంకొకరిది

నా పనిలో ఎక్కువ భాగం ఒక ప్రభుత్వ సంస్థకు చెందిన పాత భవనాలతోనే గడిచింది. సంస్థ పేరు చెప్పను, అవసరం లేదు. భవనాలు వాళ్లవి. వాటిని ఏళ్ల తరబడి లీజుకిచ్చేవాళ్లు. కొన్నింట్లో కుటుంబాలుండేవి, కొన్నింటిని చిన్న కంపెనీలు తమ పనివాళ్ల కోసం తీసుకునేవి. భవనం ఇన్సూరెన్స్ సంస్థ పేరు మీదే ఉండేది. దాని ఖర్చు మాత్రం ఏటా లీజుదారుల దగ్గర నిర్వహణ ఖర్చులతో కలిపి వసూలు చేసేవాళ్లు.

కాబట్టి డబ్బు కట్టేవాడికి పాలసీలో ఏముందో తెలియదు. పాలసీ తీసుకున్నవాడు ఆ ఇంట్లో ఉండడు. ఆ స్లాబు కింద పడుకునే మనిషికి అసలు పాలసీ అనేది ఒకటుందనే తెలియదు. మీరు ఏ క్లెయిముకు వెళ్లినా ఈ ముగ్గుర్నీ గుర్తుపెట్టుకుని వెళ్లండి. మీతో మాట్లాడటానికి వచ్చేది మొదటి ఇద్దరే. మూడోవాడిని మీరే వెతుక్కోవాలి.

లీజుదారులకు నేను చెప్పే మాట ఒకటే. పాలసీ కాపీ అడగండి, అడగడం మీ హక్కు. గోడలు, స్లాబు, పైపులు, బిగించిన బాత్‌రూం సామాను దాని కిందికి వస్తాయి. మీ ఫ్రిజ్జు, మీ బట్టలు రావు. ఉన్నట్టుండి జరిగిన నష్టం వస్తుంది. ఏళ్లుగా పాడవుతూ వచ్చింది రాదు. ఈ చివరి మాట దగ్గరే సర్వేయర్లు ఎక్కువగా పొరబడతారు. నేనూ అక్కడే పొరబడ్డాను.

పైకి ఎక్కని రిపోర్టు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉమ్ అలీ అనే బహ్రెయినీ ఆవిడ ఇంటికి వెళ్లాను. బట్టలు కుట్టి బతికే మనిషి. లీజు ఆవిడ పేరు మీదే ఉంది. కుట్టు మిషను మీద సీలింగు ఊడిపడింది. నేను తలెత్తి చూశాను. పసుపు మరకలు, బూజు. 'చాలాకాలంగా నీరు కారుతోంది, పాలసీ వర్తించదు' అని రాసేశాను. ఆవిడ ఇచ్చిన గావా, అదే అరబ్బుల కాఫీ, తాగి మరీ వచ్చాను.

మా బాస్ ఇబ్రహీం గారు ఆ రిపోర్టు చదివారు. ఆయన బహ్రెయినీ. మనవాళ్లతో హిందీలో మాట్లాడేవారు. చిన్న చిన్న విషయాలకు ఆఫీసు అదిరిపోయేలా కేకలేసేవారు. స్టేప్లర్ కనపడకపోతే చాలు, ఆ పూటంతా గోలే. ఆ రోజు మాత్రం మెల్లగా అడిగారు.

"పై ఇంట్లోకి వెళ్లావా?"

"తాళం వేసి ఉంది సార్. వాళ్లు సెలవుకు ఊరెళ్లారట."

"నీళ్లు కిందనుంచి పైకి వచ్చాయా మరి? యల్లా, పద."

వాచ్‌మన్ చేత ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేయించి, వాళ్లు సరేనన్నాక తాళం తీయించారు. తలుపు తీయగానే నీళ్లు మా చెప్పుల మీదికి వచ్చాయి. గీజర్ పగిలి, ఇల్లంతా మడుగైపోయింది. బూజు పాతదే, కానీ సీలింగును పడగొట్టింది ఈ నీళ్లే. నేను రిపోర్టు మార్చి రాశాను, ఉమ్ అలీకి క్లెయిము వచ్చింది. తిరిగొస్తూ కార్లో ఇబ్రహీం గారు ఒక్కటే మాట అన్నారు. "పడిన చోటు ఎవడైనా చూస్తాడు రత్నా. నీకు జీతం ఇచ్చేది ఎక్కడనుంచి పడిందో చూడమని."

ఆ మాట నేను మరిచిపోలేదు. కానీ మరిచిపోకపోవడం వేరు, ప్రతిసారీ పాటించడం వేరు.

మూతపడని తలుపు

ఇక అసలు సంగతి. సల్మాబాద్‌లో మూడంతస్తుల పనివాళ్ల క్యాంపు ఒకటుండేది. భవనం ఆ ప్రభుత్వ సంస్థదే. లీజుకు తీసుకున్నది అబూ జాసిం అనే ఆయన. ఏసీలు బాగుచేసే చిన్న కంపెనీ నడిపేవారు. నలభై ఆరుగురు పనివాళ్లు అందులో ఉండేవాళ్లు. సగానికి పైగా మన ఉత్తరాంధ్ర వాళ్లే.

ఒక శీతాకాలం మూడు రోజులు విడవకుండా వాన కురిసింది. బహ్రెయిన్‌లో వాన పడటమే తక్కువ. పడితే నీళ్లు పోవడానికి దారి ఉండదు. వాన వెలిసిన రెండో రోజు, పైకప్పు కారుతోందని క్లెయిము వస్తే మధ్యాహ్నం మూడింటికి అక్కడికి వెళ్లాను.

పైకెక్కి చూశాను, ఫోటోలు తీశాను. దిగుతుంటే క్యాంపు చూసుకునే అప్పలరాజు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. యాభైకి దగ్గరి వయసు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు.

"అమ్మా, ఓపాలి ఇటొచ్చి సూడండి. మీ పని కాదనుకోండి."

"ఏంటి రాజు గారూ?"

"ఈ గది తలుపు నిన్న సుబ్బరంగా పడిందమ్మా. పొద్దుట్నించి పడట్నేదు. వానకి సెక్క ఉబ్బిందనుకున్నాను. మరి ఇది ఇనుప తలుపు కదా, ఉబ్బదు కదా అని."

నేను ఆ మాటకు అక్కడే ఆగిపోయాను. తలుపు నెట్టి చూశాను. పైమూల చట్రానికి కరుచుకుంటోంది. తలుపు చట్రం పక్కనుంచి వంటగది పిల్లరు దాకా సన్నటి పగులు ఏటవాలుగా పాకి ఉంది. దాని అంచుల్లో దుమ్ము లేదు. లోపలి సిమెంటు తెల్లగా, కొత్తగా ఉంది. వెనక మెట్ల కింద నేల చేతివెడల్పున కుంగింది. అక్కడ మురుగు వాసన వస్తోంది.

అప్పలరాజు నా మొహంలోకి చూశాడు. "ఏటమ్మా, అలగున్నారు?"

"లోపల ఎంతమంది ఉన్నారు?"

"రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నోళ్లు ఏడుగురు. వంటోళ్లిద్దరు. మిగతా అందరూ బస్సుల్లో వత్తారు, ఐదు గంటలకి."

ఇబ్రహీం గారికి ఫోన్ చేశాను. ఆయన అన్నది ఇంకా చెవిలో ఉంది. "రత్నా, నువ్వు ఇంజనీరువి కాదు. భవనం మనది కాదు. నువ్వు ఖాళీ చేయించి ఏమీ జరక్కపోతే అబూ జాసిం మన మీద పడతాడు. సంస్థ మన దగ్గర పాలసీ తీసుకోవడం మానేస్తుంది. అప్పుడు నిన్ను నేను కాపాడలేను."

"సార్, మీరిక్కడ ఉంటే ఏం చేసేవాళ్లు?"

 "నేను అక్కడ లేను. నువ్వున్నావు" అని పెట్టేశారు.

దాన్ని అనుమతి అనుకోవాలో కాదనుకోవాలో నాకు తెలియలేదు. ఆలోచిస్తూ నిలబడితే భయమేసింది. అందుకని ఆలోచించడం మానేసి, "రాజు గారూ, అందరినీ లేపండి" అన్నాను.

ఒకడు తక్కువ

నిద్ర మధ్యలో లేపితే ఎవరు ఊరుకుంటారు? "ఓవర్‌టైం చేసొచ్చాం మేడమ్, రెండు గంటలైనా పడుకోనీండి" అని ఒకతను గోడకు తిరిగి దుప్పటి కప్పుకున్నాడు. అప్పలరాజు ఆ దుప్పటి లాగి పారేశాడు. "నెగు! ముందు బతికుండు, తర్వాత తొంగుందువు" అని అరిచాడు. వంటవాళ్లు పొయ్యి మీది పప్పు దించి వస్తామన్నారు. గ్యాసు కట్టేసి, పప్పు అక్కడే వదిలి రమ్మన్నాను. ఒకతను లుంగీతోనే బయటికి వచ్చి, పాస్‌పోర్టు కోసం మళ్లీ లోపలికి పోబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పరాయి మగవాడి చెయ్యి అలా గట్టిగా పట్టుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

సివిల్ డిఫెన్స్‌కి, ఆ సంస్థ ఇంజనీరుకి, అబూ జాసింకి ఫోన్లు చేశాను. అబూ జాసిం పది నిమిషాల్లో వచ్చి కారు దిగుతూనే మండిపడ్డారు.

"మేడమ్, వాన నీళ్లు చూడమంటే మనుషుల్ని బయటికి తోస్తారా? ఇంతమందిని ఎక్కడ పెట్టను?"

ఆయన్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, దూరంనుంచే కుంగిన నేల చూపించాను. ఆయన తలమీది గుత్రా సర్దుకున్నారు. ఫోన్ తీసి బస్సు డ్రైవర్లతో, "రోడ్డు అవతలే ఆపండి. ఎవరూ దిగొద్దు" అన్నారు.

ఐదు దాటాక బస్సులు రెండూ వచ్చి రోడ్డు అవతల నిలిచాయి. సివిల్ డిఫెన్స్ వాళ్లు వచ్చి చుట్టూ పట్టీలు కడుతున్నారు. ఇంకో పావుగంటకు, పెద్ద చప్పుడేమీ లేకుండా, ఇసుక జారినట్టు వెనక మెట్లు కిందికి దిగిపోయాయి. వాటితోపాటే పైనున్న నీళ్ల ట్యాంకులూ, వంటగది గోడా పడ్డాయి. చప్పుడు తర్వాత వచ్చింది. తర్వాత దుమ్ము.

అప్పలరాజు తలలు లెక్కపెట్టాడు. నలభై ఐదు. మళ్లీ లెక్కపెట్టాడు. నలభై ఐదే.

"సింహాచలం ఏడిరా?"

రాత్రి డ్యూటీ వాళ్లలో ఒకడు. బయటికి వచ్చాడని ఇద్దరన్నారు, చూడలేదని ఒకడన్నాడు. అప్పలరాజు ఫోన్ తీసి రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. నేను తీసుకుని నొక్కాను. మోగింది. మోగుతూనే ఉంది. ఆ శిథిలాల్లోంచి ఎక్కడైనా రింగు వినబడుతుందేమోనని అందరం అటే చెవులు పెట్టాం.

"హలో, ఎవరండీ?"

"సింహాచలం, ఎక్కడున్నావు నాయనా?"

"వీధి సివర కేరళోడి కొట్లో చాయ్ తాగుతున్నానండి. ఎలాగూ నిద్ర పాడైపోనాది కదా అని."

ఫోన్ అప్పలరాజుకిచ్చి రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తిడుతూనే ఏడ్చాడు. బస్సుల్లోంచి నవ్వులు మొదలయ్యాయి. ముందు ఒకరిద్దరు, తర్వాత అందరూ. అంతమంది మగవాళ్లు అంత హాయిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

ఆ వారం వాళ్లలో సగంమందిని మా ప్రార్థన కూటం హాల్లో ఉంచాం. మిగతావాళ్లని అబూ జాసిం తన గోదాములో సర్దారు.

ఫోటో మూలన

ఈ కథ ఇక్కడితో ఆపితే నాకు మంచి పేరే. కానీ మీరు తెలుసుకోవాల్సింది ఇక్కడి నుంచే ఉంది.

మెట్ల కింద మురుగు పైపు ఎప్పటినుంచో పగిలి, పునాది కింది ఇసుకను కొంచెం కొంచెంగా లాగేసిందని ఇంజనీర్లు తేల్చారు. మిగిలిన పని వాన నీళ్లు ఒక్కసారిగా పూర్తి చేశాయి, అందుకని అది ఉన్నట్టుండి జరిగిన నష్టంగానే లెక్కకు వచ్చింది. అయితే సరిగ్గా ఆ మెట్ల మీద, పైకప్పుపై, నాలుగు పెద్ద నీళ్ల ట్యాంకులుండేవి. మనుషులు పెరిగారని అబూ జాసిం పెట్టించారు. వాటి బరువూ కొంత తోడైంది. వాటి గురించి పాలసీలో ఎక్కడా లేదు.

మా ఆఫీసులో పాలసీలు చూసే థామస్ ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మనిషి మంచివాడే, లెక్కకు గట్టివాడు. "చెప్పకుండా బరువు పెంచారు. క్లెయిము నిలవదు. ట్యాంకులు మొదటిసారి ఇప్పుడే చూశానని నువ్వు ఒక వాక్యం రాస్తే చాలు, ఖలాస్" అన్నాడు.

క్లెయిము నిలవకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మరమ్మతు భారం లీజు ప్రకారం అబూ జాసిం మీద పడుతుంది. ఆయన కంపెనీ మూతపడుతుంది. నలభై ఆరుగురూ ఇళ్లకు పోవాల్సిందే.

థామస్ చెప్పిన వాక్యం నేను రాయలేకపోయాను. ఎందుకంటే అది అబద్ధం. రెండేళ్ల కిందట అదే భవనానికి విలువ కట్టడానికి నన్నే పంపారు. ఆగస్టు నెల. పైకెక్కితే చెప్పుల కింద తారు మెత్తబడుతోంది. ట్యాంకులు చూశాను. ప్లాస్టిక్ ట్యాంకులే కదా, భవనంలో భాగం కాదు కదా అనుకున్నాను. అవి ఎంత బరువు, కింద ఏముంది అని అడగలేదు. రిపోర్టులో రాయలేదు. ఎండకు తట్టుకోలేక గబగబా దిగి ఏసీ కార్లో కూర్చున్నాను. అంతే కారణం. ఇంకే పెద్ద కారణమూ లేదు.

పాత ఫైలు తీసి చూస్తే నేను తీసిన ఫోటోలోనే, కుడివైపు మూలన, రెండు ట్యాంకులు కనిపిస్తున్నాయి. రెండేళ్లుగా ఎవరూ గమనించలేదు. ఇకముందూ గమనించేవాళ్లు కాదేమో.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాను. ఆయన ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. అంతా విని, "మా దగ్గర శాంపిల్ మారిపోతే ఏం చేస్తామో తెలుసా? ముందు డాక్టరుకు చెబుతాం. తిట్లు తర్వాత" అన్నాడు.

మర్నాడు ఒక పేజీ రాశాను. ట్యాంకుల సంగతి మా కంపెనీకి రెండేళ్ల కిందటే తెలుసని, ఎందుకంటే కంపెనీ పంపిన సర్వేయర్ చూసిందని, ఆ సర్వేయర్ నేనేనని, రాయకపోవడం నా తప్పని. ఫోటో జతచేసి ఇబ్రహీం గారి చేతికిచ్చాను.

ఆయన రెండుసార్లు చదివారు. "ఇది ఇస్తే మనం కట్టాల్సిందేనని తెలుసా? సర్వేయర్‌కి తెలిస్తే కంపెనీకి తెలిసినట్టే."

"తెలుసు సార్."

"నీకేమవుతుందో తెలుసా?"

"తెలియదు సార్."

ఆయన కేకలేస్తారని ఎదురుచూశాను. వేయలేదు. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని పైఅంతస్తుకు వెళ్లిపోయారు.

మూడు రోజులు ఏ కబురూ లేదు. ఆ మూడు రోజులూ థామస్ నా వైపు చూడలేదు. నా బల్ల సొరుగులోని సొంత వస్తువులు ఒక సంచీలో సర్దుకున్నాను. పొమ్మన్నాక అందరిముందూ సర్దుకోవడం కంటే ఇది నయమనిపించింది.

ఆదివారం ఉదయం ఇబ్రహీం గారు పిలిచారు. క్లెయిము ఒప్పుకున్నారు. మరమ్మతుతోపాటు, భవనం తయారయ్యేదాకా పనివాళ్లకు వేరేచోట అద్దె కూడా పాలసీ కింద వస్తుంది. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక, ఆరు నెలలు ఆఫీసు పని. సర్వేలకు వెళ్లడానికి లేదు.

"ఇంతేనా సార్?"

"ఇంకా కావాలా?" అని అరిచారు. ఆ అరుపు వినగానే నాకు ఊపిరి వచ్చింది. నా మీద కోపం ఇంకా మామూలు కోపమే అన్నమాట. గదిలోంచి వచ్చి సంచీలోవన్నీ తిరిగి సొరుగులో పెట్టుకున్నాను. థామస్ వచ్చి టీ కప్పు నా పక్కన పెట్టి, "నేనైతే రాసేవాణ్ణి కాదు" అన్నాడు. మెచ్చుకున్నాడో తప్పుపట్టాడో ఇప్పటికీ తెలియదు.

మీకు నా సలహా ఏమిటంటే, తప్పు చేయకుండా ఈ ఉద్యోగం చేయలేరు. ఎండ ఉంటుంది, తొందర ఉంటుంది. కానీ తప్పు మీకు తెలిసిన రోజే చెప్పేయండి. నేను ఉద్యోగం పోతుందని భయపడిన మూడు రోజులకంటే, ఆ ఫోటో చూసి ఆఫీసులో ఎవరికీ చెప్పని ఒక్క సాయంత్రమే ఎక్కువ బరువుగా గడిచింది.

శ్రీకాకుళం నుంచి ఫోన్

అద్దె మంజూరయ్యాక పనివాళ్లందరినీ సల్మాబాద్‌లోనే ఇంకో భవనానికి మార్చారు. ఆ వారంలో ఒక మధ్యాహ్నం ఇండియా నంబరునుంచి ఫోన్ వచ్చింది.

"నమస్కారమమ్మా. నాను అప్పలరాజు ఇంటిదాన్ని, లచ్చిమిని. మీ నంబరు ఆయనే ఇచ్చినాడు."

థాంక్స్ చెప్పడానికి చేసిందనుకున్నాను. మనసులో జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. నాదేముందమ్మా, తలుపు సంగతి మీ ఆయనే కనిపెట్టాడు అందామని.

"అమ్మా, ఒకటడుగుతాను, ఏటీ అనుకోకండి. ఇప్పుడు కొత్త బిల్డింగులో పెట్టినారంట కదా. అదీ మీరే సూసినారా?"

అది నేను చూడలేదు. ఎవరు చూశారో కూడా అడగలేదు. క్లెయిము ఒప్పుకున్నారన్న సంతోషంలో, మనుషులు ఏ కప్పు కిందికి వెళ్లారో తెలుసుకోలేదు. ఆ ముగ్గురిలో మూడోవాడిని వెతుక్కోండని ఇందాక మీకు చెప్పింది నేనే.

"లేదమ్మా. చూసి చెబుతాను" అన్నాను.

సర్వేలకు వెళ్లకూడదని నాకు ఆంక్ష ఉంది కదా. అందుకని శుక్రవారం, సెలవు రోజు, మా ఆయన్ని వెంటబెట్టుకుని సొంత పని మీద వెళ్లాను. అప్పలరాజు అన్నీ తిప్పి చూపించాడు. పిల్లర్లు చూశాను, మెట్ల కింద టార్చి వేసి చూశాను, మురుగు మూతలు తీయించాను. పైకప్పు మీద రెండు ట్యాంకులుంటే, కింద ఏ పిల్లరు మీద కూర్చున్నాయో వంగి మరీ చూశాను. సింహాచలం నా వెనకే టేపు పట్టుకుని తిరిగాడు.

కిందికి దిగి అక్కడినుంచే లచ్చిమికి ఫోన్ చేశాను.

"గట్టిగా ఉందమ్మా. అన్నీ నేనే చూశాను."

"నిజింగా?"

"నిజంగా."

అటువైపు ఆమె ఊపిరి వదలడం వినిపించింది. "మంచిదమ్మా. మరి ఇప్పుడు నాను అన్నం తింటాను" అని ఫోన్ పెట్టేసింది.